అటానమస్ వెహికల్స్ కోర్సు ప్రాజెక్టు: ఏ టాపిక్ తీసుకోవాలి, ఐదుగురూ పని ఎలా పంచుకోవాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనట్టు ఒకసారి చెప్తాను. టీమ్‌లో ఐదుగురు, చేతిలో 14 వారాల సెమిస్టర్, అసలు కారులో పదో వంతు సైజుండే చిన్న కారు, దాని మీద ఒక లైడార్ (లేజర్ కిరణాలతో చుట్టూ దూరాలు కొలిచే పరికరం), ఒక కెమెరా. ముగ్గురేమో కెమెరా బొమ్మ చూసి నేరుగా స్టీరింగ్ యాంగిల్ చెప్పే న్యూరల్ నెట్‌వర్క్ చేద్దామంటున్నారు. మీకేమో ధైర్యం చాలట్లేదు. ఏ టాపిక్ తీసుకోవాలి, పని ఎలా పంచుకోవాలి, డెమో రోజు రిమోట్ ఎవరి చేతిలో ఉండాలి. ఇవీ మీరడిగినవి.

ముందు సూటిగా జవాబు. మూడో వారం అయ్యేలోగా మీ కారు, ఎంత మొద్దు పద్ధతిలోనైనా సరే, తనంతట తాను ఒక రౌండ్ తిరగాలి. ఆ తర్వాత ఏ వారమూ "ప్రస్తుతం కారు నడవట్లేదు" అనే మాట రాకూడదు. టాపిక్ ఏదైనా ఈ రెండూ జరిగితే ప్రాజెక్టు గట్టెక్కుతుంది. పనిని మాడ్యూళ్లుగా కోసి మనిషికొకటి పంచకండి. న్యూరల్ నెట్‌వర్క్ కావాలంటే పెట్టుకోండి, కాకపోతే అది పనిచెయ్యకపోయినా డెమో జరిగేలా చూసుకోండి.

నేను ఇలాంటి కోర్సులో మొదట విద్యార్థిని, తర్వాత టీచింగ్ అసిస్టెంట్‌ని, ఇప్పుడు ల్యాబ్ చూసుకుంటున్నాను. ఇన్నేళ్లలో అల్గారిదమ్ రాక దెబ్బతిన్న టీములు నా కళ్లబడింది తక్కువ. ఒకరి కోడ్ ఇంకొకరి కోడ్‌ని తాకే చోట దెబ్బతిన్నవే ఎక్కువ. కొన్నయితే వదులైన కనెక్టర్ దగ్గర దెబ్బతిన్నాయి.

ఇవి కుర్రాళ్లకే వచ్చే తిప్పలు కావు. 2004 మార్చిలో మొహావీ ఎడారిలో అమెరికా రక్షణ పరిశోధన సంస్థ డార్పా డ్రైవర్ లేని బండ్లకి పెట్టిన మొదటి పోటీ, గ్రాండ్ చాలెంజ్‌లో దారి పొడవు దాదాపు 240 కిలోమీటర్లు. అందరికంటే ముందుకెళ్లిన కార్నెగీ మెలన్ యూనివర్సిటీ వాళ్ల బండి శాండ్‌స్టార్మ్ 12 కిలోమీటర్లు కూడా దాటలేదు. మరుసటి ఏడు వాళ్లు హైల్యాండర్ అని ఇంకో బండి కూడా తెచ్చారు. ఇదే గెలుస్తుందని చాలామంది అనుకున్నారు. నడి దారిలో ఇంజిన్ బలం తగ్గి, ఎత్తులు ఎక్కలేక అది వెనకబడింది. స్టాన్‌ఫర్డ్ వాళ్ల స్టాన్లీ 6 గంటల 54 నిమిషాల్లో ముగించి గెలిచింది. హైల్యాండర్‌కి ఏమైందో 12 ఏళ్ల తర్వాత, 2017లో బయటపడింది. ఇంజిన్ కంట్రోల్ మాడ్యూల్‌కీ ఫ్యూయల్ ఇంజెక్టర్లకీ మధ్య ఉన్న ఒక ఎలక్ట్రానిక్ ఫిల్టర్ పాడైంది, అంతే. 2007లో డార్పాయే పెట్టిన అర్బన్ చాలెంజ్‌లో కార్నెగీ మెలన్ కారు బాస్ బయల్దేరే చోటే నిలిచిపోయింది. పక్కన పెట్టిన భారీ టీవీ స్క్రీన్ వల్ల దాని జీపీఎస్ పనిచెయ్యలేదు. స్క్రీన్ ఆపేశాక కదిలింది, ఆ పోటీ గెలిచింది కూడా. ప్లానింగ్ కోడ్ ఎంత గొప్పగా రాసుకున్నా ఇలాంటివి ఎదురవుతూనే ఉంటాయి. వాటికి టైమ్ మిగుల్చుకోవడమే మీ ప్లాన్‌లో ముఖ్యమైన భాగం.

పని పంచుకోవడం గురించి

టాపిక్ కంటే ముందు దీని గురించే చెప్పాలి. ప్రతి టీమూ మొదటి మీటింగ్‌లో చేసే పని ఒకటే. బోర్డు మీద ఐదు డబ్బాలు గీస్తారు. పర్సెప్షన్ (చుట్టూ ఏముందో చూడటం) ఒకరికి, లోకలైజేషన్ (కారు ఎక్కడుందో తెలుసుకోవడం) ఒకరికి, ప్లానింగ్ (దారి ఎంచుకోవడం) ఒకరికి, కంట్రోల్ (స్టీరింగ్, వేగం) ఒకరికి, ఐదో మనిషికి "రిపోర్ట్, వీడియో". చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. ఆ తర్వాత పది వారాలు ఎవరికి వారే యమునా తీరే. పదకొండో వారంలో అందరూ తమ తమ ల్యాప్‌టాప్‌లు తెచ్చి ఒక కారు చుట్టూ కూర్చుంటారు.

అలాంటి ఒక సాయంత్రం నాకు బాగా గుర్తు. లేన్ కనిపెట్టే కోడ్ రాసినమ్మాయి పని చక్కగా చేసింది, తన వీడియోల మీద గీతలు దారం పట్టినట్టు కదులుతున్నాయి. కంట్రోల్ రాసినబ్బాయిది సిమ్యులేటర్లో అద్భుతంగా నడుస్తోంది. రెండూ కలిపి కారుని నేల మీద పెట్టారు. లేన్ మధ్య గీతకి నాలుగు సెంటీమీటర్లు ఎడమవైపు పెట్టి వదిలారు. కుడికి సర్దుకోవాల్సింది పోయి ఇంకా ఎడమకే తిరిగి, నేరుగా ఫోమ్ బోర్డులోకి దూసుకెళ్లింది. మళ్లీ పెట్టారు, మళ్లీ అదే బోర్డు. కంట్రోల్ గెయిన్ (తేడాకి ఎంత గట్టిగా స్టీరింగ్ తిప్పాలనే గుణకం) ఎక్కువైందేమోనని రెండు గంటలు ట్యూన్ చేశారు. అసలు సంగతేంటంటే, ఆమె కోడ్ ఇమేజ్ లెక్కలో ఉంది, అంటే కుడివైపు ప్లస్. అతని కోడ్ రాస్ (రోబోల కోడ్ రాసుకునే సాఫ్ట్‌వేర్) పద్ధతిలో ఉంది: ముందుకి ఎక్స్, ఎడమకి వై, పైకి జెడ్, ఎడమకి తిరిగితే ప్లస్. పైగా ఆమె పంపేది పిక్సెళ్లు, అతను అనుకున్నది మీటర్లు. ఒక్కరి కోడ్‌లోనూ తప్పు లేదు. మధ్యలో ఒక మైనస్ గుర్తు లేదు, ఒక గుణకం లేదు.

అది సరిచేశాక ఇంకోటి బయటపడింది. మలుపులో గీత కెమెరాకి కనపడనప్పుడు ఆమె కోడ్ సున్నా పంపేది, "నా దగ్గర సమాచారం లేదు" అనే ఉద్దేశంతో. అతని కోడ్‌కి సున్నా అంటే "సరిగ్గా మధ్యలో ఉన్నాం, తిన్నగా పోవచ్చు" అని. కాబట్టి గీత కనపడని ప్రతి మలుపులోనూ కారు ధీమాగా తిన్నగా పోయేది.

అందుకే నేను చెప్పేది: మొదటి వారంలోనే ఒక పేజీ రాసుకోండి. ఏ నోడ్ (రాస్‌లో ఒక్కో ప్రోగ్రాం) ఏ టాపిక్ (ఆ ప్రోగ్రాంలు సందేశాలు పంపుకునే దారి) మీద ఏం పంపుతుంది, ఏ యూనిట్లో, ఏ దిక్కు ప్లస్, ఏ ఫ్రేమ్‌లో (దేన్ని ఆధారంగా చేసుకుని కొలిచింది), సెకనుకు ఎన్నిసార్లు, చెప్పడానికి ఏమీ లేనప్పుడు ఏం పంపుతుంది. ఆ చివరిది దాదాపు ఎవరూ రాయరు. ఆ పేజీ ప్రకారం దొంగ డేటా పంపే డమ్మీ నోడ్‌లు ఒక్క రోజులో రాసి, ఖాళీ గొట్టాలన్నీ ముందే కలిపేయండి. తర్వాత ఒక్కో డమ్మీని తీసేసి అసలుది పెట్టుకుంటూ పోవచ్చు.

మనుషుల విషయానికొస్తే, ప్రతి భాగానికీ ఇద్దరుండాలి, ప్రతి మనిషీ రెండు భాగాల్లో ఉండాలి. ఐదుగురికి ఇది సరిగ్గా సరిపోతుంది. ఒకరికి జ్వరమొస్తే ప్రాజెక్టుకి జ్వరం రాకూడదు. ఐదుగురిలో ఒకరు వారం వారం మారుతూ "కారు బాధ్యత" తీసుకోవాలి. ఆ వారం గిట్ (కోడ్ మార్పులన్నీ దాచే సాధనం) మెయిన్ బ్రాంచ్‌లో ఉన్న కోడ్‌తో కారు ఒక రౌండ్ తిరగడం వాళ్ల పూచీ. శుక్రవారం సాయంత్రం రౌండ్ తిరగకపోతే శనివారం కొత్త పనులు బంద్, అందరూ దాని మీదే కూర్చోవాలి.

పని చెయ్యని మనిషి ఒకరుంటారని మీరు రాయలేదు గానీ, ఉంటారు. నా అనుభవంలో వాళ్లలో సగం మందికి బద్ధకం కాదు. మొదటి రెండు వారాల్లో ఇన్‌స్టాలేషన్ దగ్గర చిక్కుకుని, అడగడానికి మొహమాటపడి, అక్కడే మిగిలిపోయినవాళ్లు. మొదటి వారమే ఐదుగురి ల్యాప్‌టాప్‌ల మీదా సిమ్యులేటర్ నడిచేదాకా ఎవరూ ముందుకి కదలొద్దు. ఇంతకంటే కష్టమైన కేసు ఇంకోటుంది. అంతా తానే చేసేసి, మిగతావాళ్లకి అర్థంకాని కోడ్ అర్ధరాత్రి ఎక్కించే మొనగాడు. వైవాలో ఆ టీమ్ పరువు పోతుంది, అతనొక్కడికి తప్ప ఎవరికీ జవాబులు రావు.

టాపిక్

ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, కారు ఇంకా కదలకముందే నెట్‌వర్క్ రకం ట్రాన్స్‌ఫార్మరా కన్వల్యూషనా అని కొట్టుకునే టీములుంటాయి. మీ వాళ్లు అక్కడిదాకా వెళ్లలేదనుకుంటున్నాను.

నేను ఎప్పుడూ సూచించేది మెట్లుగా ఎక్కగలిగే టాపిక్. ఉదాహరణకి మూసి ఉన్న ట్రాక్‌లో వేగంగా, గుద్దుకోకుండా తిరగడం. మొదటి మెట్టు, ఒక గోడకి నిర్ణీత దూరంలో నడిచేలా, తేడాని బట్టి స్టీరింగ్ సర్దే పీఐడీ కంట్రోలర్. రెండోది, లైడార్‌లో అన్నిటికంటే ఖాళీగా ఉన్న సందువైపు తిరిగే గ్యాప్ ఫాలోయింగ్. దీనికి మ్యాప్ కూడా అక్కర్లేదు. మూడోది, మ్యాప్ గీసి, పార్టికల్ ఫిల్టర్‌తో ఎక్కడున్నామో తెలుసుకుని, ముందే గీసిన దారిని ప్యూర్ పర్స్యూట్‌తో (దారిలో ముందున్న ఒక పాయింట్‌కి గురిపెట్టి తిరిగే పద్ధతి) అనుసరించడం. నాలుగోది, ఆ దారిలో అడ్డం పెట్టిన డబ్బాని తప్పించడం. ఏ మెట్టు దగ్గర ఆగినా మీ చేతిలో నడిచే కారు ఉంటుంది. ఇలాంటి చిన్న కార్ల ఎఫ్‌వన్‌టెన్త్ పోటీలు (ఇప్పుడు రోబోరేసర్ అంటున్నారు), 2016లో పెన్సిల్వేనియా యూనివర్సిటీ వాళ్లు మొదలుపెట్టినవి, దాదాపు ఇదే వరసలో నడుస్తాయి. వాళ్ల పాఠాలూ సిమ్యులేటరూ అందరికీ ఉచితంగానే దొరుకుతాయి, వాడుకోండి.

పార్కింగ్ కూడా మంచి టాపికే. వేగం తక్కువ, కొలవడం తేలిక, రివర్స్ ప్లానింగ్‌లో నేర్చుకోడానికి చాలా ఉంది. రెండు కార్లు ఒకదాని వెనకొకటి నడిచే ప్లటూన్ మాత్రం వద్దంటాను. రెండు కార్లూ ఒకే రోజు ఆరోగ్యంగా ఉండటం నేను అరుదుగా చూశాను.

ఇక మీ ముగ్గురూ అడుగుతున్న న్యూరల్ నెట్‌వర్క్. ఆలోచన కొత్తది కాదు. కార్నెగీ మెలన్‌లో 1980ల చివర్లోనే ఆల్విన్ అనే చిన్న నెట్‌వర్క్ కెమెరా చూసి వ్యాన్ స్టీరింగ్ తిప్పింది. 2016లో ఎన్విడియా వాళ్లు అదే ఆలోచనని కన్వల్యూషన్ నెట్‌వర్క్‌తో, దాదాపు 72 గంటల డ్రైవింగ్ డేటాతో చేసి చూపించారు. అందులో మీ వాళ్లు గమనించాల్సింది నెట్‌వర్క్ పొరల సంఖ్య కాదు. ముందు అద్దం వెనక మూడు కెమెరాలు పెట్టారు, నడుమ ఒకటి, అటూ ఇటూ ఒక్కోటి. ఎందుకంటే మనిషి నడిపిన డేటాలో కారు ఎప్పుడూ దారి మధ్యలోనే ఉంటుంది. పక్కకి జారితే మళ్లీ ఎలా రావాలో ఆ డేటాలో ఉండదు. కారు తనంతట తాను నడిచేటప్పుడు చిన్న తప్పు చేస్తుంది, ఎప్పుడూ చూడని చోటికి చేరుతుంది, అక్కడ ఇంకా పెద్ద తప్పు చేస్తుంది. పక్క కెమెరాల బొమ్మలు "నువ్వు జారిపోయావు, ఇటు తిరుగు" అని నేర్పడానికి.

మా ల్యాబ్‌లో ఈ టాపిక్ తీసుకున్న టీములు చాలావరకు ఎక్కడ పడ్డాయంటే, జాగ్రత్తగా, నున్నగా నడిపి డేటా తీసుకున్నాయి. ఎంత నున్నగా నడిపితే నెట్‌వర్క్ అంత పనికిరానిదిగా తయారవుతుంది. మీరు చేస్తే గనక, కారుని కావాలని పక్కకి జరిపి, అక్కణ్ణుంచి మధ్యకి తెచ్చేటప్పుడు మాత్రమే రికార్డింగ్ ఆన్ చేసి డేటా తియ్యండి. ఒకే ట్రాక్‌లో ఒకే దిక్కున తిరిగితే ఎడమ మలుపులు తప్ప దానికి ఏమీ రావు, కాబట్టి ఎదురు దిక్కున కూడా తిప్పండి, బొమ్మని అద్దంలోలా తిరగేసి స్టీరింగ్ గుర్తు మార్చి వాడండి. కిటికీలోంచి ఎండ పడే టైమ్‌లోనూ, లైట్ల వెలుగులోనూ వేరు వేరుగా తియ్యండి. ముఖ్యంగా, గ్యాప్ ఫాలోయింగ్‌తో నడిచే కారు మీ దగ్గర ముందే ఉండాలి. అప్పుడు నెట్‌వర్క్‌ని దానితో పోల్చడమే మీ ప్రాజెక్టు అవుతుంది. నెట్‌వర్క్ ఓడిపోయినా, ఎందుకు ఓడిందో చెప్పగలిగితే మంచి మార్కులే వస్తాయి.

బ్రేక్ మొదట, తక్కినవన్నీ తర్వాత

మొదటి కోడ్ ఎమర్జెన్సీ బ్రేక్‌ది కావాలి. మామూలుగా ఇలాంటి కార్ల మీద ఉండే హొకుయో కంపెనీ లైడార్ 270 డిగ్రీల్లో 1081 కిరణాలు, సెకనుకు 40 సార్లు ఇస్తుంది. ఒక్కో కిరణానికి, ఎదుటి దూరాన్ని ఆ దిక్కున మన వేగంతో భాగిస్తే గుద్దుకోవడానికి ఎంత టైముందో వస్తుంది. "ఆ దిక్కున మన వేగం" అంటే వేగం ఇంటూ ఆ కోణం కొసైన్. కొత్తవాళ్లు కొసైన్ మర్చిపోతారు. అప్పుడు పక్క గోడ దగ్గరగా ఉన్నా చాలు, కారు సన్నని దారిలో ఊరికే బ్రేకులేస్తూ వెళ్తుంది. విసుగొచ్చి బ్రేక్ నోడ్‌నే ఆపేస్తారు. ఆ మర్నాడే బంపర్ విరుగుతుంది.

వేగం గురించి ఒక లెక్క కూడా గోడ మీద రాసిపెట్టుకోండి. బ్రేకింగ్ సెకనుకు సెకనుకు 4 మీటర్లు అనుకుంటే, సెకనుకు 3 మీటర్ల వేగంలో ఆగడానికి సుమారు 1.1 మీటర్లు పడుతుంది. వేగం రెట్టింపు చేసి 6కి తీసుకెళ్తే 4.5 మీటర్లు. దూరం రెట్టింపు కాదు, నాలుగింతలు. డెమోకి ముందు రోజు "కొంచెం స్పీడ్ పెంచుదాం" అనే మనిషికి ఈ లెక్క చూపించండి.

కొత్త కోడ్ ఏదైనా మొదటిసారి చక్రాలు గాల్లో ఉండేలా కారుని స్టాండ్ మీద పెట్టి నడపండి. రిమోట్‌లో ఒక బటన్ నొక్కి పట్టుకుంటేనే కారు కదలాలి, వదిలితే ఆగాలి. నొక్కితే ఆగే బటన్ పనికిరాదు. వైఫై తెగితే ఆ నొక్కుడు చేరదు.

వైఫై అనగానే ఇంకో సంగతి. ఒకసారి ల్యాబ్‌లో రెండు టీములు పక్కపక్కన పనిచేస్తున్నాయి. ఒక టీమ్ వాళ్లు కీబోర్డుతో నడిపే నోడ్ తెరిచి ముందుకి నొక్కారు. వాళ్ల కారు కదిలింది, పక్క టేబుల్ మీదున్న వేరే టీమ్ కారు కూడా కదిలి కింద పడింది. దెయ్యమేం కాదు. రాస్ 2లో ఒకే నెట్‌వర్క్ మీద, ఒకే డొమైన్ నంబర్‌తో ఉన్న నోడ్‌లన్నీ తమంతట తామే ఒకదాన్నొకటి కనుక్కుంటాయి, మీరేమీ మార్చకపోతే ఆ నంబర్ అందరికీ సున్నానే. టీమ్‌కొక నంబర్ ఇచ్చి, దాన్ని కారు మీద స్టిక్కర్ వేసి అతికించండి. అప్పట్నుంచి మా ల్యాబ్‌లో అది రూల్.

పొద్దున నడిచి సాయంత్రం నడవని కారు

ఒక కేసు కాస్త వివరంగా చెప్తాను, ఎందుకంటే మీకూ ఇది ఏదో ఒక రూపంలో వస్తుంది. ఒక టీమ్ కారు పొద్దున్నే పది రౌండ్లు చక్కగా తిరిగేది. సాయంత్రం నాలుగు దాటాక పాములా ఊగుతూ గోడల్ని రాసుకునేది. కోడ్ అదే. బ్యాటరీ అనుకున్నారు, మార్చారు. టైర్లు వేడెక్కాయన్నారు. నేలమీద దుమ్మన్నారు, తుడిచారు కూడా పాపం.

బ్యాగ్ ఫైల్ (నోడ్‌ల మధ్య నడిచిన సందేశాలన్నిటి రికార్డు) తియ్యమన్నాను. రెండు టైముల తేడా మాత్రం గ్రాఫ్ గియ్యమన్నాను: స్టీరింగ్ ఆదేశం వెళ్లిన క్షణం, ఆ ఆదేశానికి ఆధారమైన లైడార్ స్కాన్ మీదున్న టైమ్‌స్టాంప్. పొద్దున ఫైల్లో ఆ తేడా 20, 30 మిల్లీసెకన్లు. సాయంత్రం ఫైల్లో 250కి అటూ ఇటూ, అదీ కదలకుండా అక్కడే. అంటే కారు పావు సెకను వెనకటి ప్రపంచాన్ని చూసి నడుస్తోంది. సెకనుకు 3 మీటర్ల వేగంలో అది 75 సెంటీమీటర్లు. మలుపు దాటిపోయాక మలుపు తిరుగుతోందన్నమాట.

సరిగ్గా 250 ఎందుకు? స్కాన్ ప్రతి 25 మిల్లీసెకన్లకి ఒకటి వస్తుంది. కంట్రోల్ నోడ్‌లో క్యూ సైజు (వరసలో ఆగి ఉండగల స్కాన్‌ల సంఖ్య) 10 అని రాసి ఉంది, ఏదో ట్యుటోరియల్ నుంచి తెచ్చిన లైను. కంప్యూటర్ మీద భారం పెరిగి ఒక్కో స్కాన్‌కి 25 కంటే ఎక్కువ మిల్లీసెకన్లు పట్టడం మొదలైతే క్యూ నిండిపోతుంది. ఇక ఎప్పుడూ వరసలో పది వెనకున్న స్కానే చేతికొస్తుంది. పది పాతికలు రెండొందల యాభై. క్యూ సైజు 1 చేస్తే ఎప్పుడూ తాజాదే వస్తుంది. అది మార్చగానే కారు కుదుటపడింది.

మరి భారం సాయంత్రమే ఎందుకు పెరిగింది? టీమ్‌లో ఒకబ్బాయి నాలుగింటికి క్లాసు అయ్యాక వచ్చి, కెమెరా ఎలా ఉందో చూద్దామని తన ల్యాప్‌టాప్‌లో ఇమేజ్ విండో తెరిచేవాడు. 640 ఇంటూ 480 కలర్ బొమ్మ, కంప్రెస్ చెయ్యకుండా, సెకనుకు 30 అంటే సుమారు 27 మెగాబైట్లు. అదంతా కారు వైఫై మీదుగా తోస్తోంది. పాపం అతను ఏ కోడూ ముట్టుకోలేదు కాబట్టి ఎవరికీ అతని మీద అనుమానం రాలేదు.

కాబట్టి మొదటి వారం నుంచే ప్రతి రన్‌కీ బ్యాగ్ రికార్డ్ చెయ్యండి. పక్కన ఒక నోట్‌బుక్ పెట్టుకోండి, తేదీ, గిట్‌లో కోడ్ ఏ కమిట్ (ఏ వెర్షన్), బ్యాటరీ వోల్టేజ్, ఏం మార్చాం, ఏమైంది. ఒక రన్‌కి ఒక్క మార్పు. గిట్‌లో లేని కోడ్ కారు ఎక్కకూడదు.

ట్యూనింగ్ గురించి క్లుప్తంగా

ఓడోమెట్రీ (మోటార్ తిరుగుడుని బట్టి కారు ఎంత నడిచిందో వేసే లెక్క) సరిచెయ్యకుండా లోకలైజేషన్ జోలికి పోవద్దు. టేపుతో 3 మీటర్లు కొలిచి, కారుని తిన్నగా నడిపి, అది ఎంత నడిచాననుకుంటోందో చూడండి. తేడా ఉంటే మోటార్ కంట్రోలర్ సెట్టింగ్‌లో గుణకం మార్చండి. తిన్నగా పొమ్మంటే ఓ పక్కకి లాగుతుంటే స్టీరింగ్ ఆఫ్‌సెట్ సరిచెయ్యండి. ఇది అరపూట పని. చెయ్యని టీములు మూడు వారాలు పార్టికల్ ఫిల్టర్‌ని తిట్టుకుంటాయి.

ప్యూర్ పర్స్యూట్‌లో ముందున్న గురి పాయింట్ దూరమే ప్రధానం. దగ్గరగా పెడితే కారు ఊగుతుంది, దూరంగా పెడితే మూలలు కోసుకుంటూ పోతుంది. వేగంతో పాటు దాన్నీ పెంచండి. కారుని వదిలే ముందు ఒక పాయింట్‌కి చేత్తో లెక్కేయండి. గురి 1.5 మీటర్ల దూరంలో, 0.3 మీటర్లు ఎడమకి ఉందనుకుందాం. వంపు అంటే రెండింతల పక్క దూరాన్ని గురి దూరం వర్గంతో భాగించడం, 0.6 బై 2.25, సుమారు 0.27. ముందు వెనక చక్రాల మధ్య 0.33 మీటర్లుంటే స్టీరింగ్ సుమారు 5 డిగ్రీలు ఎడమకి. మీ కోడ్ 5 కాక 0.09 చూపిస్తే కంగారుపడకండి, అది రేడియన్లలో. మైనస్ 5 చూపిస్తే మాత్రం ఆగండి.

లైడార్‌కి గాజు గోడలు సరిగా కనపడవు, నల్లటి వస్తువులు కూడా కొన్నిసార్లు కనపడవు. డెమో హాల్లో గాజు తలుపుంటే దాని ముందు అట్టముక్కలు నిలబెట్టండి. మూడు సెల్‌ల లైపో (లిథియం పాలిమర్) బ్యాటరీ పూర్తిగా నిండితే 12.6 వోల్టులు. సెల్‌కి 3.3 దగ్గరికొచ్చేసరికి తీసేయండి. వోల్టేజ్ పడిపోయిన క్షణంలో కారు మీది కంప్యూటర్ రీస్టార్ట్ అవుతుంది, మీరు కోడ్ క్రాష్ అనుకుంటారు. ఉబ్బిన బ్యాటరీని ముట్టుకోకుండా ల్యాబ్ వాళ్లకి చెప్పండి, ఛార్జింగ్ పెట్టి వెళ్లిపోవద్దు.

సిమ్యులేటర్లో నడిచిందంటారా, ఇల్లు అలకగానే పండగ కాదు. అక్కడ చక్రం జారదు, టైమ్ ఆలస్యం కాదు, స్టీరింగ్ సర్వో (చక్రాల్ని తిప్పే చిన్న మోటార్) క్షణంలో తిరుగుతుంది. సిమ్యులేటర్లో మీరే 100 మిల్లీసెకన్ల ఆలస్యం, కొంచెం నాయిస్ కలిపి నడపండి. దానికి తట్టుకున్న కోడ్ నేల మీద కూడా చాలావరకు తట్టుకుంటుంది.

చివరి రెండు వారాలు, రిపోర్టు, రిమోట్

డెమోకి పది రోజుల ముందు కోడ్ ఫ్రీజ్. ఆ రోజు నడిచే కోడ్‌కి గిట్‌లో ట్యాగ్ వెయ్యండి. తర్వాత బగ్ సరిచెయ్యొచ్చు, కొత్త ఫీచర్ పెట్టకూడదు. ముందు రోజు రాత్రి దింపుడు కళ్లం ఆశతో ఎక్కించిన కోడ్ పొద్దున పనిచేసిన సందర్భం ఒకటో రెండో చూశానేమో, పనిచెయ్యనివి లెక్కలేనన్ని.

రిపోర్టులో ఒక్క వీడియో పెట్టి "కారు నడిచింది" అంటే మేము నమ్మం. ఆ వీడియో ఎన్నో ప్రయత్నంలోదో మాకు తెలుసు, మేమూ అలాగే తీశాం. పది రౌండ్లు తిప్పి, ఎన్ని పూర్తయ్యాయి, మిగతావి ఎక్కడ, ఎందుకు ఆగాయి, గీసిన దారి నుంచి సగటున ఎన్ని సెంటీమీటర్లు పక్కకి పోయింది, ఇవి రాయండి. పదిలో ఏడు తిరిగి, ఆ మూడూ ఎందుకు తిరగలేదో బ్యాగ్ గ్రాఫ్‌తో చూపించిన టీమ్‌కి నేను పదికి పది తిరిగి కారణం చెప్పలేని టీమ్ కంటే ఎక్కువ మార్కులు వేశాను. మీ ప్రొఫెసర్ మార్కుల పద్ధతి వేరేగా ఉండొచ్చు, ముందే అడిగి రాయించుకోండి.

ఇక రిమోట్. నడుస్తున్న కోడ్ రాసినవాళ్ల చేతికి మాత్రం ఇవ్వకండి. నేను చూసినంతలో వాళ్ల బొటనవేలు అరసెకను ఆలస్యంగా లేస్తుంది. గోడ దగ్గరికొస్తున్నా "ఇప్పుడు తిరుగుతుంది, ఇదిగో తిరుగుతుంది" అని చూస్తూ ఉంటారు. మీ ఐదుగురిలో ఆ కోడ్ మీద ఏ మాత్రం నమ్మకం లేని మనిషిని చూసి వాళ్లకివ్వండి. మీ ప్రశ్న చదివితే అది మీరే అనిపిస్తోంది.